అమ్మకో మీట

పోయిన సెలవుల్లో ఊరెళ్తే, అమ్మ కంప్యూటర్ తెర నిండా బొమ్మలే. నాతో మాట్లాడాలంటే ఏది నొక్కాలో తెలియక, పక్కింటి పిల్లాడు వచ్చేదాకా కూర్చునేదట.

విండోస్‌లో దీనికి విరుగుడు రెండు నిమిషాల పని. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి, 'న్యూ'లో 'షార్ట్‌కట్' ఎంచుకుని, మా వీడియో కాల్ లింకు అతికించాను. పేరు అడిగితే 'చిన్నోడు' అని తెలుగులోనే కొట్టాను. తర్వాత దాని 'ప్రాపర్టీస్' తెరిచి, 'షార్ట్‌కట్ కీ' గడిలో సి నొక్కితే కంట్రోల్, ఆల్ట్ వాటంతటవే చేరాయి. ఇక ఆ మూడూ కలిపి నొక్కితే చాలు. షార్ట్‌కట్‌ని మాత్రం డెస్క్‌టాప్ మీంచి వేరే ఫోల్డర్లోకి సర్దేయకండి, కీ పనిచేయదు.

డాలస్ తిరిగొచ్చిన మూడోరోజు పొద్దున, ఆఫీసు కాల్‌లో ఉండగా, అమ్మ ఎదురుచూస్తోందని ఫోన్ చెప్పింది. కంగారుగా వెళ్ళాను.

"ఏమైందమ్మా?"

"ఏం లేదురా, నొక్కి చూశా."