వెలగని ఎర్ర దీపం

బాలలూ! ముందుగా ఒక పొడుపు ప్రశ్న. వెలిగి ఆరిపోతే క్షేమం; వెలిగి ఆరకపోతే అపాయం; అసలు వెలగనే వెలగకపోతే అనుమానం. ఏమిటది?

తులసికోట ముందరి దీపం కాదు. మోటారు కారులో, నడిపేవారి కళ్ళకు ఎదురుగా ఉండే పలకమీద ఒక చిన్న ఎర్ర దీపం ఉంటుంది. గుండ్రని గీతలో ఒక ఆశ్చర్యార్థకం, దానికి అటూ ఇటూ రెండు వంపు గీతలు – ఇదీ దాని బొమ్మ. అదే బ్రేకు హెచ్చరిక దీపం. గోరంత దీపమే గాని, కొన్నిసార్లు దాని కోసం వేలాది కార్లను తయారు చేసినవారే వెనక్కి పిలిపించుకోవలసి వస్తుంది. అది ఎందుకో తెలియాలంటే ముందు బ్రేకుల సంగతి తెలియాలి.

బ్రేకుల విలువ మన తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వారికి ఒకరు చెప్పనక్కర లేదు. మనకు మొగిలి కనుమ ఉన్నది, భాకరాపేట కనుమ ఉన్నది. అన్నిటినీ మించి తిరుమల కొండ ఉన్నది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండవది 1974లో వచ్చాయి. ఇప్పుడు రెండవ దారిన ఎక్కుతారు, మొదటి దారిన దిగుతారు. కొండమీది ఊరికీ కింది ఊరికీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు.

ఒక చిన్న లెక్క చేద్దాం. మనుషులతో సహా 1,500 కిలోల బరువున్న కారు ఆ ఎత్తునుంచి దిగుతున్నదనుకోండి. ఆ ఎత్తు మూలాన దానికి ఉన్న శక్తి అంతా బ్రేకుల దగ్గరే వేడిగా మారితే, ఆ వేడితో 30 డిగ్రీల దగ్గరున్న 35 లీటర్ల నీళ్ళను తెర్లబెట్టవచ్చు! అందుకే అనుభవం గల డ్రైవరు కొండ దిగేటప్పుడు బండిని తక్కువ గేరులో ఉంచుతాడు. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకులమీద భారం తగ్గుతుంది.

మరి కాలితో ఒక్క తొక్కు తొక్కితే నాలుగు చక్రాలూ ఎలా ఆగుతాయి? గొట్టాలలో నిండి ఉన్న ద్రవం వల్ల. మూసి ఉన్న ద్రవాన్ని ఒక చోట నొక్కితే, ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని 17వ శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. కారు బ్రేకులకు ఆధారం ఆ సూత్రమే. ఈ ద్రవాన్ని మన మెకానిక్కులు "బ్రేకాయిల్" అంటారు. దీనికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది. డాట్ 3 అనే రకం కొత్తదిగా ఉన్నప్పుడు 205 డిగ్రీల లోపు మరగకూడదని నియమం. అందులో నూటికి నాలుగు పాళ్ళ లోపు నీరు చేరినా ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోతుంది. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకు లొంగదు గాని ఆవిరి లొంగుతుంది. అప్పుడు కాలికింది పెడలు మెత్తగా లోపలికి పోతుందే తప్ప బండి ఆగదు.

ద్రవం ఉండే డబ్బా ఇంజను పక్కన ఉంటుంది. ఒక గ్లాసు నీళ్ళలో బెండు ముక్క వేసి, నీళ్ళను కొంచెం కొంచెంగా తీసివేయండి. నీటితోబాటు బెండూ దిగుతుంది కదా? చాలా కార్లలో ఆ డబ్బా లోపల అలాంటి తేలే ముక్క ఒకటి ఉంటుంది. దానిలో చిన్న అయస్కాంతం ఉంటుంది. ద్రవం తగ్గినప్పుడు అయస్కాంతం కిందికి దిగి ఒక మీటను కలుపుతుంది. కరెంటు ప్రవహించి ఎర్ర దీపం వెలుగుతుంది. గొట్టం కారినా ద్రవం తగ్గుతుంది. బ్రేకు ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది. చేతి బ్రేకు వేసి ఉన్నా ఇదే దీపం వెలుగుతుంది. కాని ద్రవం మరిగిన సంగతి దీనికి తెలియదు సుమా! వేడిని అదుపులో పెట్టవలసింది నడిపేవారే.

ఇక అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. దీపం వెలగలేదంటే అర్థమేమిటి? "బ్రేకులు బాగున్నాయి" అని ఒక అర్థం. "దీపమే పాడైపోయింది" అని మరొక అర్థం. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి! బడిలో పంతులుగారు హాజరు పిలిచేది ఇందుకే. పిల్లవాడు నిశ్శబ్దంగా ఉన్నాడంటే బుద్ధిగా కూర్చున్నాడో, అసలు బడికే రాలేదో పేరు పిలిస్తేగాని తెలియదు. కారు కూడా రోజూ హాజరు వేసుకుంటుంది. తాళం తిప్పగానే ముఖ్యమైన హెచ్చరిక దీపాలు ఒక్కసారి వెలిగి, కొన్ని క్షణాలలో ఆరిపోతాయి. ఎర్ర దీపం కూడా వెలిగి, చేతి బ్రేకు దించాక ఆరిపోవాలి. వెలగకపోయిందా, అది గైరుహాజరు అన్నమాట.

అమెరికాలో 1966లో మోటారు వాహనాల భద్రతకు ఒక చట్టం చేశారు. దాని కింద వచ్చిన నియమాల ప్రకారం 1968 నుంచి అక్కడి కొత్త కార్లకు రెండు భాగాలుగా పనిచేసే బ్రేకులు, వాటికి హెచ్చరిక దీపం తప్పనిసరి అయినాయి. ఒక భాగం చెడినా రెండవది బండిని ఆపుతుంది. చెడిన సంగతి దీపం చెబుతుంది.

మరి లోపం ఒక్క కారులో గాక, ఒకే అచ్చున తయారైన వేలాది కార్లలో ఉంటే? పాఠ్యపుస్తకంలో ఒక లెక్క తప్పు అచ్చయిందని తేలితే, ఒక్క పిల్లవాడి పుస్తకం దిద్దితే చాలదు గదా! తయారు చేసినవారే అన్ని కార్లనూ పిలిపించి, ఖర్చు తామే పెట్టుకుని సరిచేయాలి. దీనినే "రీకాల్" అంటారు.

మన రాయలసీమలోనే ఒక ఉదాహరణ ఉన్నది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కంపెనీవారి కార్ల కర్మాగారం ఉన్నది. 2022 సెప్టెంబరుకూ 2023 ఫిబ్రవరికీ మధ్య తయారైన 30,297 కారెన్స్ కార్లను వారు 2023 జూన్‌లో పరీక్షకు పిలిచారు. తాళం వేసినప్పుడు ఎదుటి పలక మేలుకోవడంలో ఏదో పొరపాటు జరిగి, అది ఖాళీగా ఉండిపోయే అవకాశం ఉన్నదని తేలింది. ఇంజను బాగుండవచ్చు, బ్రేకులు బాగుండవచ్చు. కాని పలకే ఖాళీ అయితే వేగమూ తెలియదు, హెచ్చరికలూ కనబడవు. అందుకని సాఫ్ట్‌వేర్‌ను, అంటే పలకను నడిపించే ఆదేశాల వరసను, ఉచితంగా మార్చి ఇస్తామన్నారు.

2024 ఫిబ్రవరిలో అమెరికాలో మరో వింత జరిగింది. టెస్లా కంపెనీ దాదాపు 22 లక్షల కార్లకు రీకాల్ ప్రకటించింది. కారణం? బ్రేకు హెచ్చరిక అక్షరాలు ఉండవలసిన దానికంటె చిన్నవిగా ఉండడం! ఆ అక్షరాలు కనీసం 3.2 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలని అక్కడి నియమం. దీపం వెలిగితే చాలదు, కంటికి ఆనాలి కూడా.

మన దేశంలో 2012లో కార్ల కంపెనీలు తమంతట తామే రీకాల్ పద్ధతి పెట్టుకున్నాయి. తరవాత 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. రీకాల్ నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. నిర్ణయించిన సంఖ్యలో ఫిర్యాదులు వస్తే విచారణ జరిపి, వాహనాలను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి లభించింది.

అయినా చట్టం కంపెనీనే పిలవగలదు. కారును తీసుకుపోవలసింది సొంతదారే. "మా బండి బాగానే నడుస్తున్నది, ఎందుకు పోవాలి?" అని కొందరు ఆ ఉత్తరాన్ని పక్కన పడేస్తారు. పెద్దలు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. హెచ్చరిక దీపంలో లోపం ఉంటే బండి బాగానే నడుస్తుంది. బ్రేకులు చెడేవరకూ బాగానే నడుస్తుంది! లోపం తెలిసేది ఏ మలుపులోనో అయితే, అప్పుడు సరిచేసుకునే వ్యవధి ఉండదు.

బాలలూ, ఇందులో మీరు చేయగల పని ఒకటి ఉన్నది. ఇంట్లో కారు ఉంటే సరే, లేకపోతే మామయ్య కారులోనో, కొండకు మాట్లాడుకున్న జీపులోనో ఎక్కినప్పుడు, తాళం తిప్పగానే దీపాల హాజరు మీరు చూడండి. ఎర్ర దీపం వెలిగిందా? చేతి బ్రేకు దించాక ఆరిందా? బండి కదలకముందే నడిపేవారిని మర్యాదగా అడగండి. దారిలో ఆ దీపం వెలిగితే బండిని పక్కకు తీసి ఆపి, చేతి బ్రేకునూ, డబ్బాలోని ద్రవాన్నీ చూసుకోవాలి. ద్రవం తగ్గి ఉంటే మెకానిక్కు చూసేదాకా కదలరాదు. కంపెనీనుంచి రీకాల్ ఉత్తరం వస్తే, దాన్ని నాన్నగారి చేతికిచ్చి, పోయేరోజును ఇంట్లో క్యాలెండరుమీద గుర్తు పెట్టండి.