తేనె - సూక్ష్మజీవ నిరోధక గుణం

తేనెకు ఆహారాన్ని పాడుచేసే బాక్టీరియాను అణచే గుణం ఉన్నది. పక్వమైన తేనెలో నీరు సుమారు 17-20 శాతమే. మిగిలినది దాదాపు అంతా చక్కెరలే. ఈ గాఢత బాక్టీరియా కణాలలోని నీటిని లాగివేస్తుంది. తేనె ఆమ్లత్వం కూడా వాటి వృద్ధిని అడ్డుకుంటుంది. తేనెటీగలు చేర్చే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, తేనెలో నీరు కలిసినపుడు హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. ఎక్కువగా కాచిన తేనెలో ఈ ఎంజైము నశిస్తుంది.

నల్లమలలో చెంచులు సేకరించే అడవి తేనెను గిరిజన సహకార సంస్థ (స్థాపన 1956, విశాఖపట్నం) కొని, శుద్ధిచేసి విక్రయిస్తుంది. తేనెలో నీటిపాలు 20 శాతం మించితే ఈస్టు పెరిగి పులిసిపోతుంది. కనుక శుద్ధిలో తేమను తగ్గించడం ముఖ్యం.

క్లాస్ట్రీడియం బొట్యులినం బీజాంశాలను మాత్రం తేనె చంపలేదు, మామూలుగా కాచినా అవి చావవు. పెద్దలకు వీటివల్ల సాధారణంగా హాని లేదు. ఏడాది లోపు శిశువుల పేగుల్లో అవి మొలకెత్తి, కండరాలను చచ్చుబరిచే విషాన్ని పుట్టించవచ్చు. పుట్టిన బిడ్డకు తేనె నాకించే ఆచారం ఎంత పాతదైనా మానవలసినదే.