పైభాగం మారే బండి

మోటారు బండి పుట్టుకతో ఒకే వస్తువు కాదు. ఇంజను, చక్రాలు, స్టీరింగు, బ్రేకులు మోసే ఇనుప చట్రం, అంటే ఛాసిస్, అడుగున ఉండేది. సీట్లు, తలుపులు, కప్పు ఉన్న బాడీని దాని మీద బోల్టులతో బిగించేవారు. రోల్స్ రాయిస్ రెండో ప్రపంచ యుద్ధం దాకా ఛాసిస్ మాత్రమే అమ్మేది. కొన్నవారు దాన్ని బాడీలు కట్టే కార్ఖానాకు పంపి, తమకు నచ్చినట్టు తయారు చేయించుకునేవారు. కొందరు ఒకే ఛాసిస్‌కు వేసవిలో కప్పులేని బాడీని, చలికాలంలో మూసిన బాడీని బిగించుకునేవారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన కిసెల్ కంపెనీ 1910ల మధ్యలో ఈ అలవాటునే సరుకుగా మార్చింది. కారు మొత్తం మార్చకుండా, చలికాలానికి గట్టి పైకప్పును తగిలించి, ఎండలు రాగానే విప్పేసే 'ఆల్ ఇయర్' మోడల్‌ను అమ్మకానికి పెట్టింది.

ఛాసిస్ మీద విడిగా బాడీ కట్టే పాత పద్ధతి బరువు బండ్లలో ఎన్నడూ పోలేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టించుకోవడం అంటే ఇదే. క్యాబిన్ కూడా లేని ఛాసిస్‌ను డ్రైవరు గాలికీ ఎండకూ ఓర్చి నడుపుకుంటూ తేవడం, దాని మీద కార్మికులు చెక్కా ఇనుమూ కలిపి బాడీ కట్టడం తెలుగువారికి చాలాకాలంగా తెలిసిన దృశ్యమే.

తేలికపాటి కార్ల దారి మాత్రం వేరైంది. ఇటలీలో 1922లో వచ్చిన లాన్సియా లాంబ్డాలోనూ, ఫ్రాన్స్‌లో 1934లో వచ్చిన సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్‌లోనూ విడిగా చట్రం లేదు. బాడీయే బరువు మోస్తుంది. నేల, కప్పు, స్తంభాలు, పక్కగోడలు అన్నీ కలిసి ఒక పెట్టెలా పనిచేస్తాయి కాబట్టి తక్కువ ఉక్కుతో ఎక్కువ బిగువు వస్తుంది. బరువు తగ్గింది, కారు ఎత్తూ తగ్గింది. కానీ అందుకు మూల్యం ఉంది: కప్పు తీసేస్తే పెట్టె బలం పోతుంది. మార్చుకునే పైభాగం అనే ఊహకు అసలు అడ్డంకి ఇక్కడే మొదలైంది.

ఆ అడ్డంకితో కుస్తీ పట్టి బయటికి వచ్చిన కారు నిస్సాన్ ఎక్సా. నిస్సాన్‌వారి అమెరికా డిజైన్ కేంద్రం కాలిఫోర్నియాలో దీనికి రూపమిచ్చింది. 1986లో విడుదలైంది. అమెరికాలో దాని పేరు పల్సర్ ఎన్ఎక్స్. వెనుక డిక్కీ తలుపును తీసేసి, అక్కడ 'స్పోర్ట్‌బ్యాక్' అనే గూడులాంటి కప్పును బిగిస్తే చిన్న కూపే కాస్తా సామాను బండి అవుతుంది. రెండూ తీసేస్తే వెనుక అంతా తెరుచుకుంటుంది. ఊహ అందమైనదే. అయితే తీసిన కప్పును ఎక్కడ పెట్టాలి? పెద్ద గ్యారేజీ ఉన్న ఇంటివారికే ఆ సదుపాయం దక్కింది. జపాన్‌లో నిబంధనలు ఒప్పుకోక, రెండు రకాలనూ విడివిడి కార్లుగానే అమ్మారు. ఒకదాని కప్పు మరొకదానికి పట్టేది కాదు. 1990 నాటికి తయారీ ఆగిపోయింది.

తీసిన భాగాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు 1995 జెనీవా మోటార్ షోలో మెర్సిడెస్ బెంజ్ ఒక జవాబు చెప్పింది. వేరియో రీసెర్చ్ కార్ అనే ప్రయోగ వాహనానికి నాలుగు పైభాగాలు చేసి చూపింది: సెడాన్, ఎస్టేట్, కప్పులేని కారు, పికప్. ఒక్కోటీ కార్బన్ ఫైబర్ కలిపిన ప్లాస్టిక్‌తో చేసినది, బరువు 30 నుంచి 50 కిలోలే. ఎనిమిది తాళాలతో బాడీకి బిగుసుకుంటుంది. పని పావుగంటలో అయిపోతుంది. యజమాని నాలుగూ కొనక్కర్లేదు. పైభాగాలు అద్దెకిచ్చే కేంద్రానికి వెళ్లి వారాంతానికి కావలసినది తీసుకోవాలి, సోమవారం మళ్లీ తన సెడాన్ పైభాగం తగిలించుకోవాలి. దాచుకునే బాధను ఇంటి నుంచి కేంద్రానికి మార్చిన ఈ ఆలోచన, కార్బన్ ఫైబర్ తేలికదనం కంటే కూడా మెచ్చుకోదగినది. అయినా అది షోరూమ్ దాకా రాలేదు.

ఇలాంటి ప్రతి ప్రయత్నంలోనూ కష్టమంతా అతుకుల దగ్గరే ఉంటుంది. అక్కడ మూడు పనులు ఒకేసారి జరగాలి. వాననీరు, గాలి చొరబడకూడదు. అద్దాల హీటరుకూ దీపాలకూ కరెంటు అందాలి. అన్నిటికంటే కష్టమైనది మూడోది: ప్రమాదం జరిగినప్పుడు ఆ అతుకు విడిపోకుండా దెబ్బ బలాన్ని మిగతా బాడీకి పంచాలి. ఒకసారి వెల్డింగ్ చేసిన చోట ఇది సులువు. పదేపదే విప్పి బిగించే చోట రబ్బరు అరుగుతుంది, బోల్టు వదులవుతుంది, గుంతల రోడ్ల మీద కిర్రుమనే చప్పుడు మొదలవుతుంది. పైగా గట్టి తాళాలూ బలమైన అంచులూ పెట్టేకొద్దీ, తేలిక కోసం మొదలుపెట్టిన బండి బరువెక్కుతుంది.

స్మార్ట్ కారు తెలివిగా ఈ చిక్కును తప్పించుకుంది. ఫ్రాన్స్‌లోని హంబాక్‌లో తయారై 1998లో వచ్చిన ఆ బుల్లి బండిలో బలమంతా ట్రిడియన్ అనే ఉక్కు గూడుదే. బయట ఉన్న ప్లాస్టిక్ పలకలు ఏ బరువూ మోయవు కాబట్టి, వాటిని విప్పి వేరే రంగువి తగిలించుకోవచ్చు. మారే భాగానికి బాధ్యత తగ్గించడమే ఇక్కడి కిటుకు.

2002 జనవరిలో డెట్రాయిట్‌లో జనరల్ మోటార్స్ చూపిన ఆటోనమీ అనే ప్రయోగ వాహనం ఈ కథను మళ్లీ ఛాసిస్ దగ్గరికే తెచ్చింది. ఆరు అంగుళాల మందం ఉన్న పలకలో హైడ్రోజన్ ఫ్యూయల్ సెల్, మోటార్లు అన్నీ ఇమిడాయి. స్టీరింగుకూ బ్రేకులకూ ఇనుప కడ్డీలు లేవు, తీగల ద్వారా సంకేతాలే. దాంతో పైన ఏ బాడీ పెట్టినా నడిపే పరికరాలను కొత్తగా అమర్చుకోవలసిన పని ఉండదు. 'స్కేట్‌బోర్డు' అనే ఆ అమరికను నేటి విద్యుత్ కార్లు అనుసరిస్తున్నాయి. కానీ వాటిలో ఒకే ఛాసిస్ మీద రకరకాల మోడళ్లు పుట్టించేది ఫ్యాక్టరీయే, కొన్నవారు కాదు.

భారతదేశంలో హీరో మోటోకార్ప్ 2024లో చూపిన సర్జ్ ఎస్32 మరో దారి పట్టింది. సరుకులు మోసే మూడు చక్రాల బండి ముందు భాగం నుంచి విద్యుత్ స్కూటరు విడివడి బయటికి వస్తుంది. మారడానికి మూడు నిమిషాలు చాలునని సంస్థ చెప్పింది. పగలు సరుకు వేసుకుని, సాయంత్రం అదే స్కూటరు మీద ఇంటికి వెళ్లే చిన్న వ్యాపారికి ఇది నిజంగా ఉపయోగపడే ఊహ. అయితే ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు వేర్వేరు నిబంధనలున్న దేశంలో, రెండూ అయిన బండికి చట్టంలో చోటు దొరకడమే మొదటి మెట్టు.

ఇంతకాలంలో వాడేవాళ్లు రోజూ మార్చుకునే స్థాయికి చేరిన భాగం మాత్రం బాడీ కాదు, బ్యాటరీ. తైవాన్‌లో 2015 నుంచి గొగోరో స్కూటర్లు నడిపేవారు వీధి పక్క కేంద్రాల్లో ఖాళీ బ్యాటరీ ఇచ్చి నిండినది తీసుకుంటున్నారు. బ్యాటరీ అతుకుకు వాన, ప్రమాదం, గుంతల బాధ చాలా తక్కువ, వదిలేసిన భాగాన్ని ఇంట్లో దాచుకోనక్కర్లేదు.