గుడి కట్టింది... వానొస్తుందా?

చంద్రుడి చుట్టూ గుడి కట్టిందంటే వాన ఖాయమంటారు పెద్దలు. గుడి దూరంగా ఉంటే వాన దగ్గర్లోనే ఉందనీ, దగ్గరగా ఉంటే వాన దూరమనీ ఇంకో లెక్క. కొట్టిపారేయాల్సిన మాటేం కాదు. దూరంగా కనిపించే పెద్ద వరదగుడిని కట్టేది ఎత్తయిన పల్చటి మబ్బుల్లోని మంచు స్ఫటికాలు. వాయుగుండం వచ్చేముందు తరచూ ఆ మబ్బులే ముందుగా పరుచుకుంటాయి. చంద్రుణ్ని అంటుకుని ఉండే చిన్న గుడి నీటి బిందువుల పని. అంటే, జోస్యం మబ్బుది... పేరు చంద్రుడిది!

మరి ఆయన చేతిలో ఏమీ లేదా? ఉంది, చాలా కొంచెం. చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు వాన రవ్వంత తగ్గుతుందని ఉపగ్రహం ఇచ్చిన 15 ఏళ్ల వివరాలతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2016లో తేల్చారు. వాన హెచ్చుతగ్గుల్లో ఆయన వాటా సుమారు ఒక్క శాతం.

సముద్రం సంగతి వేరు. అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువ. ఆ సమయంలో తుపాను తీరం దాటితే ఉప్పెన ఇంకాస్త ఎత్తుకు లేస్తుంది. అలాగని మిగతా తిథుల్లో నిశ్చింతగా ఉండటానికి లేదు. 1977 నవంబరు 19న దాదాపు 5 మీటర్ల ఉప్పెన దివిసీమను ముంచెత్తినప్పుడు ఆకాశంలో ఉన్నది సగం దాటిన చంద్రుడే. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు.

అందుకే తీరంలో ఉండేవాళ్లు క్యాలెండరు కన్నా వాతావరణ పటం చూడటం మేలు. అందులోని వంపు గీతలు సమాన పీడనం ఉన్న చోట్లను కలుపుతాయి. ఎడంగా ఉంటే గాలి నెమ్మది. ఉంగరాల్లా ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయా... ఈదురుగాలే! పక్కన నిన్నటి పటం కూడా పెట్టుకుంటే ఆ ఉంగరాలు ఏ తీరంవైపు జరుగుతున్నాయో తెలిసిపోతుంది.