ముందు పేటెంట్, తర్వాతే ప్రయాణం

ఎండుమిర్చి తొడిమలు తీయడం పల్నాడులో ఇప్పటికీ ఎక్కువగా ఆడకూలీల చేతుల మీదే సాగుతోంది. ఘాటుకు వేళ్లు మండుతున్నా ఆపడానికి వీల్లేని పని అది. నరసరావుపేటలో ఒక మెకానిక్ దానికోసం చిన్న యంత్రం తయారుచేశాడనుకుందాం. పని బాగా చేస్తోంది. వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబులో పెడతాడు. బయటిదేశపు మసాలా కంపెనీ నుంచి పిలుపొస్తే విమానం టికెట్టు కొంటాడు. ఈ రెండింటికన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది: పేటెంట్ దరఖాస్తు.

దరఖాస్తు తేదీకి ముందు ఆ ఆవిష్కరణ ప్రపంచంలో ఎక్కడా బయటపడి ఉండకూడదు. సొంత వీడియో అయినా బయటపెట్టినట్టే లెక్క. చట్టంలో కొన్ని మినహాయింపులున్నా అవి చాలా పరిమితం.

మన దేశంలో మొదటి మెట్టు ప్రొవిజినల్ దరఖాస్తు. ఆవిష్కరణ ఏమిటో, ఎలా పనిచేస్తుందో రాసి, బొమ్మలు గీసి దాఖలు చేస్తే ఆ రోజే తేదీ ఖాయమవుతుంది. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై పేటెంట్ కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ఆన్‌లైన్‌లో వేస్తే సామాన్య వ్యక్తికి రుసుము 1,600 రూపాయలు. ఆ తర్వాత 12 నెలల్లోగా పూర్తి వివరాలతో, ఏ అంశాల మీద హక్కు కోరుతున్నారో చెప్పే క్లెయిములతో రెండో పత్రం ఇవ్వాలి. పరీక్షించమని విడిగా కోరాలి, దానికి వేరే రుసుము ఉంటుంది. పేటెంట్ వస్తే దాఖలు తేదీ నుంచి 20 ఏళ్ల హక్కు, ఏటా రుసుము కడుతూ నిలుపుకోవాలి.

దీనికి పెద్ద చదువులు అక్కర్లేదని చింతకింది మల్లేశం చూపించారు. ఆలేరు ప్రాంతపు చేనేత కుటుంబంలో పుట్టిన ఆయన ఆరో తరగతితో బడి మానేశారు. పోచంపల్లి చీర కోసం ఆసు పోసే తల్లి, దారం చుట్టడానికి వేలసార్లు చెయ్యాడించి భుజం నొప్పితో బాధపడటం చూసి, ఏళ్ల తరబడి శ్రమపడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి పేటెంట్ లభించింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి గ్రామీణ ఆవిష్కర్తలను వెతికి చేయూతనివ్వడానికి హైదరాబాద్‌లో పల్లె సృజన, గాంధీనగర్‌లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ పనిచేస్తున్నాయి.

అన్నిటికీ పేటెంట్ రాదు. కొత్త మిరప వంగడానికి, సాగు పద్ధతికి మన చట్టం పేటెంట్ ఇవ్వదు. వంగడాలకు 2001 నాటి మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం ఉంది. గుంటూరు సన్నం మిర్చికి, మాచర్ల దగ్గరి దుర్గి రాతిశిల్పాలకు ఉన్నది భౌగోళిక గుర్తింపు. అది ఒక వ్యక్తిది కాదు, ప్రాంతానిది.

విదేశాల్లో హక్కు కావాలంటే ఇంకో జాగ్రత్త ఉంది. భారత్‌లో నివసించేవారు ఇక్కడ దరఖాస్తు వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా పేటెంట్ కార్యాలయం అనుమతి తీసుకోవాలి. ఆ తర్వాతే బయటిదేశంలో వేయాలి. మొదటి తేదీ నుంచి 12 నెలల్లోపు పీసీటీ అనే అంతర్జాతీయ దరఖాస్తు వేస్తే, ఏయే దేశాల్లో ముందుకెళ్లాలో తేల్చుకోవడానికి ఇంకా వ్యవధి దొరుకుతుంది.

ఇక ప్రయాణం. పిలుపు న్యూయార్క్ నుంచి వచ్చిందనుకుందాం. చలికాలంలో ఆ నగరం మన కన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ మధ్యాహ్నం మూడైతే నరసరావుపేటలో రాత్రి ఒకటిన్నర. మనిషి అక్కడ దిగినా ఒంట్లోని గడియారం ఇంకా ఇక్కడి వేళలే పాటిస్తుంది. ఆ గడియారాన్ని నడిపే జన్యువుల గుట్టు విప్పినందుకే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ వచ్చింది. ఒంటి గడియారం రోజుకు సుమారు గంట చొప్పున మాత్రమే సర్దుకుంటుంది. సహజంగా 24 గంటలకన్నా కాస్త ఎక్కువ సేపు తిరుగుతుంది కాబట్టి చాలామందికి పడమటికి వెళ్లడం తేలిక, తూర్పుకు వెళ్లడం కష్టం.

ఈ ప్రయాణపు అలసట నిద్రతోనే పోదు. ఆ అలసటలోనే నోరు జారుతుంది. దరఖాస్తులో రాయని కొత్త మార్పును కొనుగోలుదారు ముందు చెప్పేయడం, గోప్యతా ఒప్పందాన్ని చదవకుండా సంతకం చేయడం అలాంటి పూటే జరిగే ప్రమాదం ఎక్కువ. న్యూయార్క్‌లో తొలి రోజుల్లో చర్చలు ఉదయం పది గంటలకు పెట్టుకోవడం మేలు, అప్పటికి ఒంటికి ఇంకా రాత్రి ఎనిమిదిన్నరే. మధ్యాహ్నం ఆరుబయట వెలుతురులో తిరిగితే గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్ర ఆగకపోతే అరగంట కునుకు చాలు. సాయంత్రం కాఫీ వద్దు. మెలటోనిన్ మాత్రలు వైద్యుణ్ణి అడిగాకే వేసుకోవాలి.

ప్రయాణం తేదీ నిర్ణయించుకునేటప్పుడు ఆ 12 నెలల గడువును పక్కనే పెట్టుకోవాలి. తిరిగొచ్చేసరికి ఇంకా మూడు నాలుగు నెలలు మిగిలి ఉంటే, ఆ పర్యటనలో తట్టిన మార్పులను యంత్రంలో పరీక్షించి పూర్తి దరఖాస్తులో చేర్చడానికి, పీసీటీ వేయాలో వద్దో తేల్చుకోవడానికి తీరిక ఉంటుంది.