బళ్ళారి సరిహద్దులో దేహమితి: కొలతకు ముందు నేర్వవలసిన మాట

మన పూర్వులు మొదట తమ ఒంటితోనే లోకాన్ని కొలిచారు. బెత్తెడు, జేన, మూర, బార, నిలువు - ఇవన్నీ శరీరం ఇచ్చిన కొలమానాలే. బళ్ళారిలో పూలను తెలుగువారు మూరల్లో అడిగినా, కన్నడిగులు మొళల్లో అడిగినా, కొలిచేది మోచేతి నుంచి వేలి కొసదాకానే. ఆధునిక దేహమితి ఈ సంబంధాన్ని తిరగవేసింది. ఒకప్పుడు కొలబద్దగా ఉన్న శరీరమే ఇప్పుడు కొలతకు లోనవుతున్నది. ఎముకలను కొలవడానికి పరికరం చాలు. కానీ ఊపిరి తీస్తూ, సిగ్గుపడుతూ, భయపడుతూ ఎదుట నిలిచిన మనిషి సహకరించనిదే కొలత సరిగా రాదు. సహకారానికి మాట కావాలి. కాబట్టి ఈ విద్యలో మొదటి పరికరం భాష అని మేము భావిస్తున్నాము. రెండు భాషలు కలిసి బతికే బళ్ళారి జిల్లాను చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అప్పటి బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి వచ్చాయి. బళ్ళారితో సహా మిగిలిన భాగం మైసూరు రాష్ట్రానికి పోయింది. 2021లో హోసపేట వైపు తాలూకాలు విజయనగర జిల్లాగా విడిపోయాయి. పాలనకు గీతలు గీశారు గాని ఇళ్ళలోని భాషలకు గీత పడలేదు. కొలిచేవారు కన్నడంలోను, కొలతకు వచ్చిన తల్లి తెలుగులోను ఆలోచించడం ఇక్కడ వింత కాదు.

మాట కుదరకపోతే ఏమవుతుందో చరిత్ర చెబుతుంది. బళ్ళారి మదరాసు రాజధానిలో ఉన్న కాలంలో మదరాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది జనుల తలలు, ముక్కులు కొలిచాడు. కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాల గ్రంథం వెలువరించాడు. తనను చూసి ఊళ్ళు ఖాళీ అయిన సంగతి అందులో ఆయనే రాసుకున్నాడు. నీలగిరుల్లో ఒక ఇరుళ మనిషి ఎత్తు కొలిచే స్తంభాన్ని ఉరికంబమనుకొని కొలతకు ఒప్పుకోలేదట. ముక్కు వెడల్పును బట్టి జాతులను వర్గీకరించే ఆనాటి సిద్ధాంతం తరువాత కూలిపోయింది. కానీ ఆ ఇరుళ మనిషి భయం నేటికీ పాఠమే. ఎందుకు కొలుస్తున్నామో అతనికి అర్థమయ్యే మాటలో చెప్పకపోతే కొలబద్ద ఉరికంబంగానే కనిపిస్తుంది.

ఇక పద్ధతులకు వద్దాం. ఎత్తు కొలిచేటప్పుడు మనిషి చెప్పులు విడిచి, మడమలు కలిపి నిలబడాలి. కంటిగుంట కింది అంచు, చెవి రంధ్రపు పై అంచు ఒకే మట్టంలో ఉండాలి. 1884లో కుదిరిన ఒప్పందం వల్ల దీనికి ఫ్రాంక్‌ఫర్ట్ తలం అని పేరు. విద్యార్థులు సాధారణంగా "తలెత్తి నిలబడు" అంటారు. అనగానే పిల్లవాడు గడ్డం పైకెత్తుతాడు, నడినెత్తి వెనక్కు వాలుతుంది, కొలత తప్పుతుంది. "ఎదురుగా చూడు" అంటే చూపుతోపాటు తల కూడా సరిగా నిలుస్తుంది. ఒక్క క్రియాపదం మారితే అంకె మారుతుందన్న మాట. సాయంత్రానికి వెన్నుపూసల మధ్య మెత్తలు అణిగి ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది కాబట్టి వేళ కూడా రాసుకోవాలి. రెండేళ్ళలోపు బిడ్డను పడుకోబెట్టి కొలుస్తారు. నిలబెట్టి కొలిచిన దానికన్నా ఈ కొలత దాదాపు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది.

అంతకన్నా సున్నితమైనది దండచేయి చుట్టుకొలత. ఆరు నెలలు మొదలు 59 నెలల వరకు వయసున్న బిడ్డకు ఇది 11.5 సెంటీమీటర్లకు తక్కువైతే తీవ్ర పోషకాహార లోపంగా గుర్తిస్తారు. 11.5 నుంచి 12.5 లోపు ఉంటే మధ్యస్థ లోపం. నాలుగైదు మిల్లీమీటర్ల పొరపాటుతో చికిత్స అందవలసిన బిడ్డ ఇంటికి తిరిగిపోవచ్చు. ఎడమ మోచేతిని లంబకోణంలో మడిచి, భుజపుటెముక కొసకు, మోచేతి కొసకు సరిగ్గా నడుమ గుర్తు పెట్టాలి. తరువాత చేతిని వదులుగా వేలాడనిచ్చి, టేపు కండను నొక్కకుండా చుట్టాలి. ఇక్కడ "చేయి" అన్న మాట చాలదు. తెలుగు చేయి, కన్నడ కై రెండూ భుజం నుంచి వేళ్ళదాకా దేనికైనా చెల్లుతాయి. ఈ భాగానికి కన్నడంలో తోళు, రట్టె అనే మాటలున్నాయి. రట్టెకు సాటి అయిన రెట్ట తెలుగు నిఘంటువుల్లో ఉన్నా, ఆ మాట వినగానే పక్షి రెట్ట గుర్తుకు వచ్చేవారే ఎక్కువ. కాబట్టి దండచేయి అని పలికి, వేలితో తాకి చూపడమే క్షేమం.

నడుము కొలతలో రెండు భాషలదీ ఒకే చిక్కు. తెలుగువారు నడుము నొప్పి అన్నా, కన్నడిగులు సొంట నోవు అన్నా చెప్పేది వెనకవైపు బాధనే. శాస్త్రానికి కావలసిన నడుము కింది పక్కటెముక అంచుకు, తుంటి ఎముక పై అంచుకు మధ్య ఉన్న వలయం. మొలతాడు పడే చోటు దానికి గుర్తు కాదు. మామూలుగా ఊపిరి విడిచిన చివర టేపు చదవాలి. ఊపిరికి కన్నడంలో ఉసిరు అంటారు. "ఉసిరు బిడి" అంటే ఊపిరి వదలమని అర్థం. తెలుగులో ఉసురు అంటే ప్రాణం. కన్నడం అంతగా రాని తెలుగు ముసలమ్మ చెవికి అది ప్రాణం విడవమన్నట్టు వినిపిస్తే తప్పు ఆమెది కాదు.

కొలతలో నైపుణ్యం ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. ఒకే మనిషిని, ఒకే చోట, మొదటి అంకె చూడకుండా రెండుసార్లు కొలవాలి. ఇలా కొందరిని కొలిచి, తేడాల వర్గాలను కూడి, మనుషుల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీస్తే సాంకేతిక దోషం వస్తుంది. విద్యార్థి ముందు తన దోషాన్ని, తరువాత గురువుకూ తనకూ మధ్య ఉన్న దోషాన్ని చూసుకోవాలి. సరిహద్దు జిల్లాలో దీనికి మూడవ మెట్టు చేర్చాలని మా సూచన. ఆదేశాలు ఒకసారి తెలుగులో, ఒకసారి కన్నడంలో ఇచ్చి, ఆ రెండింటి మధ్య దోషం ఎంతో లెక్కకట్టాలి. అది ఎక్కువగా ఉంటే మార్చవలసింది టేపును కాదు, వాక్యాన్ని.

ఇందుకు పెద్ద గ్రంథం అవసరం లేదు. ఇరవై అవయవ స్థానాల పేర్లు, పది ఆదేశ వాక్యాలు, ఎందుకు కొలుస్తున్నామో చెప్పే రెండు మాటలు - ఇవి రెండు భాషల్లోను, ఊరివారి నోట విని సరిచూసినవి, ఒక్క కాగితం మీద ఉంటే చాలు. తెలుగు శాఖలు, కన్నడ శాఖలు కలిసి చేయదగిన పని ఇది.