వేళకు ముందే వచ్చు గ్రహము

రేడియోలో సమయసూచక ధ్వని వినబడగనే మనము గోడగడియారమును సరిచూచుకొందుము. గడియారము దినమునకు అర సెకను ముందు నడచినచో మొదటి రోజున ఆ తేడా తెలియదు. నెలలు గడచిన పిదప దాగదు. ఇట్టి స్వల్పమైన తేడాను గణించియే జ్యోతిశ్శాస్త్రజ్ఞులు ఒక గ్రహము తన నక్షత్రమునకు క్రమముగా చేరువగుచున్నదని కనుగొనిరి. ఆ విధమెట్టిదో నేడు వివరింపదలచితిమి.

బ్రహ్మహృదయ నక్షత్రమున్న మండలములోనే, మనకు సుమారు 1,400 కాంతివత్సరముల దూరమున, వాస్ప్-12 అను నక్షత్రము కలదు. దానిని చుట్టు గ్రహము 2008లో బయటపడినది. బృహస్పతికంటె పెద్దదైన ఈ గ్రహము నక్షత్రమునకు సుమారు 34 లక్షల కిలోమీటర్ల దూరముననే తిరుగుచున్నది. భూమికిని సూర్యునికిని నడుమ దూరము 15 కోట్ల కిలోమీటర్లని తలచినచో ఆ సామీప్యము బోధపడును. దానికి ఒక సంవత్సరమనగా మనకు సుమారు 26 గంటల 12 నిమిషములు మాత్రమే.

2012 జూన్ 6న శుక్రుడు నల్లని చుక్కవలె సూర్యబింబముపై కదలిపోవుట మనదేశమున పెక్కురు చూచిరి. అట్లే ఈ గ్రహము ప్రతి చుట్టునందును తన నక్షత్రమునకు అడ్డు వచ్చును. గ్రహము మనకు విడిగా కానరాదు. కాని నక్షత్రకాంతి నూటికి ఒక పాలు మించి తగ్గును. ఆ తగ్గుదలకు నడిమి క్షణమే గ్రహము వచ్చిన వేళ.

కక్ష్య మారనిచో ఈ వేళలు సమానమైన ఎడముతో రావలెను. అవి అట్లు వచ్చుట లేదని 2016లో పోలండు శాస్త్రజ్ఞుడు మాచేయెవ్‌స్కీ, ఆయన సహచరులు ప్రకటించిరి. పరిభ్రమణకాలము ఏటికి సుమారు 29 మిల్లీసెకనులు, అనగా సెకనులో వేయింట 29 భాగములు, తగ్గుచున్నది. ఇదియొక లెక్కయా యని తోచవచ్చును. కాని ప్రతి చుట్టును మునుపటి చుట్టుకంటె పొట్టిది; మిగిలిన కాలమంతయు పోగుపడును. పదియేండ్లలో గ్రహము 3,300కు పైగా చుట్లు తిరుగును. అప్పటికది తొలి లెక్క చొప్పున రావలసిన వేళకంటె దాదాపు 8 నిమిషములు ముందుగా వచ్చును.

అయినను వెంటనే తీర్పు చెప్పరాదు. కోలగానున్న కక్ష్యయే మెల్లగా దిశ మార్చుకొనుచున్నను కొంతకాలము వేళలు ముందునకు జరుగవచ్చును. అట్లయినచో గ్రహము నక్షత్రము వెనుక దాగు వేళలు ఆలసింపవలెను. వానిని గూడ కొలచి చూడగా అవియు త్వరపడుచున్నవి. నక్షత్రమే మనవైపు వేగము హెచ్చించుకొని వచ్చుచున్నదా యను శంకను వర్ణపట పరీక్ష తొలగించినది. కనుక కక్ష్య కుంచించుకొనుటయే కారణమని 2020లో తేలినది.

దీనికి మూలము ఆటుపోటుల వంటి ఆకర్షణయే. గ్రహాకర్షణచే నక్షత్రము కొంచెముబ్బును. నక్షత్రము తనచుట్టు తాను తిరుగుటకంటె గ్రహము దానిని చుట్టివచ్చుట వేగము గనుక ఆ ఉబ్బు వెనుకబడి, గ్రహమును వెనుకకు లాగును. గ్రహము లోనికి దిగును. మన చంద్రుని విషయమున భూమియే వేగముగా తిరుగుచుండుటచే ఫలితము తారుమారై, చంద్రుడు ఏటికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరమగుచున్నాడు.

ఈ తీరుననే సాగినచో ఆ గ్రహమునకు సుమారు 30 లక్షల సంవత్సరములే గడువు. వందల కోట్ల ఏండ్లు జీవించు నక్షత్రముల లెక్కలో ఇది కొద్దికాలమే. ఇతర సమీపగ్రహముల వేళలను గూడ శాస్త్రజ్ఞులు ఇట్లే గణించుచున్నారు. ఏండ్ల తరబడి ఓపికతో వ్రాసియుంచిన వేళల పట్టికయే వారికి ఆధారము.